వ్యసనానికో గడప, అంటురోగానికో గడప

సూదితో మత్తుమందు ఎక్కించుకునే మనిషికి వ్యసనం, హెచ్‌ఐవీ, హెపటైటిస్, క్షయ దేనికది విడిగా వచ్చి పడే కష్టాలు కావు. రక్తం ద్వారా పాకే వైరస్‌లు చేతులు మారే సిరంజి వెంట వస్తాయి. గాలి ద్వారా పాకే క్షయ అదే మనిషి తలదాచుకునే ఇరుకు గదుల్లోనో, జైలు బ్యారక్‌లోనో కాచుకుని ఉండి, అరకొర తిండితో చిక్కిపోయిన శరీరంలో చోటు చేసుకుంటుంది. దేశంలోని వైద్య యంత్రాంగం మాత్రం ఈ ఒక్క మనిషిని నాలుగైదు పద్దుల కింద పంచిపెట్టింది. వ్యసన విముక్తి, పునరావాస కేంద్రాలకు నిధులిచ్చేది ప్రధానంగా కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత శాఖ. సూది వాడేవారికి ప్రత్యామ్నాయ మందు అందించేది ఆరోగ్యశాఖ కింద నాకోగా పేరుబడిన జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ. క్షయకు జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమం ఉంది. కాలేయాన్ని తినేసే వైరస్‌ల కోసం 2018 జూలైలో మరో జాతీయ కార్యక్రమం మొదలైంది. ప్రతి కార్యక్రమానికీ తన రిజిస్టరు, తన కౌన్సెలర్, తన లక్ష్యాల పట్టిక ఉన్నాయి. రోగి మాత్రం ఒక్కడే, అతని చేతిలో ఉన్నది ఒక్క పూట.

ఈ పంపకానికి వైద్యశాస్త్రంలో ఆధారమేదీ లేదు. పథకాలు ఒక్కొక్కటిగా పుట్టిన క్రమం మిగిల్చిన ఏర్పాటు మాత్రమే అది. వ్యసన చికిత్సనూ అంటువ్యాధుల చికిత్సనూ కలపాలన్న మాట విధాన పత్రాల్లో ఎప్పటినుంచో కనిపిస్తున్నా, దేనిని తీసుకెళ్లి దేని పక్కన పెట్టాలన్న అసలు ప్రశ్నను అవి దాటవేస్తూ వస్తున్నాయి. ఏ సేవ రోగిని క్రమం తప్పకుండా తన దగ్గరికి రప్పించుకోగలుగుతోందో, లేదా రోగి దగ్గరికి తానే వెళ్లగలుగుతోందో, దాని చెంతకే మిగతావి నడిచి రావాలి. సూది వాడేవారి విషయంలో ఆ బలం వ్యసన చికిత్సకు ఉంది. మద్యానికి, కల్తీ కల్లుకు లొంగిన తెలుగు పల్లెల రోగి విషయంలో ఆ బలం క్షయ కార్యక్రమానికి ఉంది. ఈ తేడాను గుర్తించని సమన్వయం సమావేశాల మినిట్స్ దాటి బయటికి రాదు.

విడదీతకు చెల్లించవలసిన మూల్యాన్ని అందరికన్నా ముందు చూసిన రాష్ట్రం మణిపుర్. మయన్మార్ సరిహద్దు మీదుగా వచ్చిన హెరాయిన్ 1980లలో అక్కడి యువతలో సూదుల ద్వారా వ్యాపించింది. 1989లో సెప్టెంబరు దాకా జరిపిన పరీక్షల్లో సూది వినియోగదారులలో హెచ్‌ఐవీ కనిపించలేదు. ఆ తర్వాత ఏడాది తిరక్కముందే పరీక్షించినవారిలో దాదాపు సగం మందిలో అది బయటపడింది. లైంగిక మార్గంలో ఏళ్ల తరబడి నెమ్మదిగా పాకే వైరస్, సిరంజి దొరికితే నెలల్లో ఒక తరాన్ని చుట్టేయగలదని దేశానికి తెలిసింది అప్పుడే. పోలీసులు పట్టుకుంటారన్న భయంతో సొంత సిరంజి జేబులో పెట్టుకోవడానికి జంకినవాడు దొరికిన చోట దొరికిన సిరంజినే వాడతాడు. అరెస్టులు పెరిగినకొద్దీ పంచుకోవడం పెరగడం వెనక ఉన్న లెక్క ఇంతే. ఈ అనుభవంతోనే మణిపుర్ 1996లో తన ఎయిడ్స్ విధానంలో హాని తగ్గింపు అన్న సూత్రాన్ని చేర్చుకుంది. మత్తు మానేవరకు ఆగకుండా, వాడుతున్న దశలోనే ప్రాణాపాయాన్నీ అంటురోగాన్నీ తగ్గించే పద్ధతికి ఆ పేరు. శుభ్రమైన సూదుల పంపిణీ, పరీక్షలు, ప్రత్యామ్నాయ మందు అందులోని భాగాలు. ఇంఫాల్‌లో ఒకప్పుడు తామే మత్తుకు బానిసలైనవారు కలిసి ఏర్పరచుకున్న సాసో వంటి సంస్థలు ఆ పనిని మోశాయి.

ప్రత్యామ్నాయ మందు అన్నది చాలామందికి ఇప్పటికీ మింగుడుపడని ఆలోచన. నల్లమందు నుంచి వచ్చే హెరాయిన్, మార్ఫిన్ లాంటి పదార్థాలనూ, వాటిలాగే మెదడుపై పనిచేసే నొప్పి మాత్రలు, ఇంజెక్షన్లనూ కలిపి ఓపియాయిడ్లు అంటారు. వాటికి అలవాటుపడిన శరీరానికి కొన్ని గంటలపాటు అవి అందకపోతే ఒళ్లునొప్పులు, వాంతులు, విరేచనాలు, వణుకు, నిద్రలేమి మొదలవుతాయి. బ్యూప్రెనార్ఫిన్ అనే మందు మెదడులో అవే గ్రాహకాలకు అతుక్కుని, హెరాయిన్ ఇచ్చేంత మత్తు ఇవ్వకుండానే ఆ బాధ రాకుండా ఆపుతుంది; ఒక్క మోతాదు ఒక రోజంతా పనిచేస్తుంది గనుక రోగి రోజుకు మూడు నాలుగుసార్లు సూది కోసం పరుగెత్తే అవసరం తప్పుతుంది. దీన్నీ, ఇలాంటిదే అయిన మెథడోన్‌నూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. ఒక మత్తు బదులు మరో మత్తు ఇస్తున్నారన్న విమర్శ, మధుమేహ రోగికి జీవితాంతం ఇన్సులిన్ ఎందుకన్న ప్రశ్న కన్నా బలమైనదేమీ కాదు. అనేక దేశాల అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, ఈ చికిత్సలో ఉన్నవారికి కొత్తగా హెచ్‌ఐవీ సోకే ముప్పు సుమారు సగానికి, హెపటైటిస్ సి సోకే ముప్పు కూడా సగానికి తగ్గినట్లు తేలింది. దీనికి శుభ్రమైన సూదుల విస్తృత పంపిణీ తోడైతే హెపటైటిస్ సి ముప్పు నాలుగింట మూడు వంతుల దాకా తగ్గుతుంది. అంటే వ్యసన చికిత్స దానంతట అదే ఒక అంటువ్యాధి నిరోధక చర్య.

ఓఎస్‌టీగా పిలుచుకునే ఈ ప్రత్యామ్నాయ చికిత్స కేంద్రంలో మందు ఇచ్చే తీరును దగ్గరగా చూస్తే కలపడం ఎక్కడ సాధ్యమో అర్థమవుతుంది. నర్సు బ్యూప్రెనార్ఫిన్ బిళ్లలను కాస్త నలిపి రోగి నాలుక కింద వేస్తుంది. ఆ మందు మింగితే పనిచేయదు, కరిగి లోపలి పొర ద్వారానే రక్తంలో కలవాలి గనుక, కరిగేదాకా అయిదారు నిమిషాలు ఎదుట కూర్చోబెట్టి, నోరు తెరిపించి చూసి, రిజిస్టరులో సంతకం తీసుకుని పంపిస్తుంది. ప్రతిరోజూ, వారాల తరబడి, నెలల తరబడి అదే మనిషి అదే కుర్చీలో ఆ అయిదారు నిమిషాలు కూర్చుంటాడు. ప్రజారోగ్యంలో మరే కార్యక్రమానికీ తన రోగితో ఇంత దగ్గరి, ఇంత నిత్యమైన పరిచయం లేదు. వేలి కొస నుంచి రక్తపు చుక్క తీసి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు చేయడానికి, దగ్గు ఎన్నాళ్లుగా ఉందో అడగడానికి, తెమడ డబ్బా చేతికివ్వడానికి, హెపటైటిస్ బి టీకా వేయడానికి ఆ వ్యవధి చాలు. అదే మనిషిని పరీక్షకు మరో భవనానికి, ఫలితానికి మరో రోజున, వైరస్ పరిమాణం కొలిచే పరీక్షకు జిల్లా కేంద్రానికి, మందులకు ఇంకో కౌంటరుకు పంపితే, ప్రతి మలుపులోనూ కొందరు జారిపోతారు. కూలి పోగొట్టుకుని ఓపీ చీటీ వరుసలో నిలబడిన వ్యక్తికి మధ్యాహ్నానికి ఒళ్లు నొప్పులు మొదలైతే అతడు ఏ వైపు నడుస్తాడో ఊహించడానికి పరిశోధన అక్కరలేదు.

జారిపోయేవారు ఎందరో తెలిపే అంకెలూ ఉన్నాయి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ మాదకద్రవ్య వ్యసన చికిత్సా కేంద్రం నిర్వహించి 2019లో వెలువరించిన దేశవ్యాప్త సర్వే ప్రకారం ఓపియాయిడ్ల వాడకం వల్ల సమస్యల్లో ఉన్నవారు సుమారు 77 లక్షలు. సూదితో మత్తు ఎక్కించుకునేవారు సుమారు ఎనిమిదిన్నర లక్షలు. 2021 నాటి నిఘా సర్వేలో సూది వాడేవారిలో హెచ్‌ఐవీ 9 శాతంగా నమోదైంది. దేశంలోని వయోజనులందరిలో అది 0.2 శాతం దగ్గర ఉంది. అంతకు ముందే, 15 నగరాల్లో 14,481 మంది సూది వినియోగదారులపై జరిగి 2015లో ప్రచురితమైన అధ్యయనంలో 37.2 శాతం మందిలో హెపటైటిస్ సి సోకిన ఆనవాళ్లు కనిపించాయి. ఆ అధ్యయనంలో అన్నిటికన్నా కలవరపెట్టే అంకె మరొకటి: ఆ వైరస్ సోకినవారిలో తమకు సోకిందని తెలిసినవారు 5.5 శాతమే. తెలియని మిగతావారిలో చాలామంది ఏదో ఒక సేవా కేంద్రానికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చి ఉంటారు. అక్కడ ఆ ఒక్క పరీక్ష ఉండి ఉండదు.

హెపటైటిస్ సి చికిత్స ఒకప్పుడు నిజంగానే కష్టంగా ఉండేది. ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు, జ్వరం, కుంగుబాటు, లక్షల ఖర్చు, అయినా చాలామందికి తగ్గని జబ్బు. వైరస్ వృద్ధిని నేరుగా అడ్డుకునే సోఫోస్‌బువిర్, డక్లాటాస్విర్ లాంటి నోటిమాత్రలు వచ్చాక పన్నెండు వారాల్లో పదిమందిలో తొమ్మిది మందికి పైగా పూర్తిగా నయమవుతోంది. భారతీయ జెనెరిక్ కంపెనీల పుణ్యమా అని ధర కూడా దిగివచ్చింది. పంజాబ్ 2016లో ఈ మాత్రలను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టి, చండీగఢ్‌లోని పీజీఐ నిపుణుల మార్గదర్శకత్వంలో జిల్లా ఆసుపత్రుల సాధారణ వైద్యులకే చికిత్స బాధ్యత అప్పగించింది. ప్రచురితమైన ఫలితాల్లో 48,088 మంది రోగుల సమాచారం ఉండగా, చికిత్స అనంతర పరీక్షకు వచ్చినవారిలో 91.6 శాతం మందిలో వైరస్ పూర్తిగా పోయింది. పెద్దాసుపత్రి హెపటాలజిస్టు చేతుల్లోనే ఉండాలనుకున్న చికిత్స జిల్లా వైద్యుడి చేతుల్లో అంతే బాగా పనిచేసిందంటే, ఓఎస్‌టీ కేంద్రం వైద్యుడి చేతుల్లో పనిచేయకపోవడానికి కారణం కనిపించదు.

ముందు మత్తు మానితేనే ఈ మాత్రలు ఇస్తామన్న నియమం చాలా దేశాల్లో, చాలా ఆసుపత్రుల్లో రాతపూర్వకంగానో అలవాటుగానో నడిచింది. సూది వాడుతున్నవాడు మాత్రలు సరిగా వేసుకోడని, నయమైనా మళ్లీ తెచ్చుకుంటాడని దానికి చెప్పే సమర్థన. మొదటి భయాన్ని స్కాట్లండ్ అనుభవం తీసేసింది: అక్కడ రోజూ మెథడోన్ కోసం పేటలోని మందుల దుకాణానికి వచ్చేవారికి హెపటైటిస్ సి పరీక్ష, మాత్రలు అదే దుకాణంలో ఫార్మసిస్టు చేతనే ఇప్పించినప్పుడు, ఆసుపత్రికి పంపే మామూలు పద్ధతితో పోలిస్తే సుమారు రెట్టింపు మందికి నయమైంది. రెండో భయం నిరాధారం కాదు, తిరిగి సోకే అవకాశం ఉంది. కానీ అది ఎక్కువగా ప్రత్యామ్నాయ మందు, శుభ్రమైన సూది అందని చోట జరిగేదే కావడం వల్ల, అది రెండు సేవలను కలపడానికి చూపవలసిన కారణమే తప్ప చికిత్స నిరాకరించడానికి చూపదగినది కాదు. పైగా పంచుకునే బృందంలో ఒకరికి వైరస్ పోతే మిగతావారికి అది అంటే దారి ఒకటి మూసుకుపోతుంది.

ఇంతవరకు చెప్పినది సౌకర్యానికి సంబంధించిన వాదన. సౌకర్యంతో నిమిత్తం లేకుండా ఈ చికిత్సలు ఒకే వైద్యుడి దృష్టిలో ఉండవలసిన కారణం ఇంకొకటి ఉంది, అది మందుల మధ్య జరిగే కలహం. క్షయ చికిత్సకు వెన్నెముక లాంటి రిఫాంపిసిన్ కాలేయంలోని ఎంజైములను చురుకుగా చేసి, అనేక ఇతర మందులను శరీరం త్వరగా విరగ్గొట్టి పారేసేలా చేస్తుంది. మెథడోన్ మీద ఉన్న రోగికి రిఫాంపిసిన్ మొదలుపెడితే కొద్ది రోజుల్లో మెథడోన్ పరిమాణం రక్తంలో బాగా పడిపోయి, ఆపివేసిన బాధలన్నీ తిరగబెడతాయి. బ్యూప్రెనార్ఫిన్ పరిమాణం కూడా తగ్గుతుంది. తనకేం జరుగుతోందో రోగికి తెలిసేది ఒక్కటే, టీబీ మాత్రలు మింగినప్పటినుంచి ఒళ్లు పట్టుతప్పిందని. అతడు వెంటనే టీబీ మాత్రలు మానేస్తాడు, లేదా మళ్లీ సూది వైపు వెళ్తాడు. క్షయ విభాగం రిజిస్టరులో అతడు చికిత్స మధ్యలో వదిలేసిన బాధ్యతారహితుడిగా నమోదవుతాడు. ఓఎస్‌టీ కేంద్రంలో మళ్లీ పాత దారి పట్టినవాడిగా నమోదవుతాడు. మోతాదు పెంచి ఉంటే రెండు రిజిస్టర్లలోనూ ఆ రాతలు ఉండేవి కావు. హెచ్‌ఐవీ చికిత్సలో చాలాకాలం వాడిన ఎఫావిరెంజ్ కూడా మెథడోన్‌పై ఇలాంటి ప్రభావమే చూపేది. ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన డొలుటెగ్రావిర్ ఓపియాయిడ్ మందుల జోలికి పోదు గానీ, రిఫాంపిసిన్ ఉంటే తన మోతాదును రోజుకు రెండుసార్లకు పెంచమంటుంది. హెపటైటిస్ సి మాత్రలనైతే రిఫాంపిసిన్‌తో కలిపి ఇవ్వనే కూడదు, క్షయ చికిత్స ముగిసేదాకా ఆగాలి. నాలుగు కౌంటర్లలో నలుగురు వైద్యులు ఎవరి మందు వారు సరిగానే రాసినా, రోగి శరీరంలో ఆ నాలుగు సరైన నిర్ణయాలూ కలిసి ఒక తప్పు కాగలవు.

అయితే అన్నీ ఒకే కప్పు కింద పెట్టగానే సమస్య తీరిపోతుందన్న ఆశకు కూడా భారతీయ అనుభవం కళ్లెం వేసింది. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, చెన్నైలోని వై.ఆర్. గైతొండే కేంద్రంతో కలిసి, సూది వాడేవారు గానీ పురుషులతో సంబంధాలున్న పురుషులు గానీ ఎక్కువగా ఉండే 22 చోట్లను ఎంచుకుని, లాటరీ పద్ధతిలో సగం చోట్ల అన్ని సేవలూ కలిపిన కేంద్రాలను నెలకొల్పి ఫలితాన్ని కొలిచారు. 2019లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం కేంద్రాలున్న చోట్ల హెచ్‌ఐవీ పరీక్షలు కొంత ఎక్కువగా జరిగినా, ఆ తేడా గణాంకపరంగా రూఢి చేయగలిగినంత కాదు. కేంద్రంలోకి వచ్చినవారిలో మాత్రం రానివారికన్నా పరీక్షలు మూడు రెట్లకు పైగా ఎక్కువ. వచ్చినవారు సహజంగానే పరీక్షకు మొగ్గే స్వభావం గలవారు కావచ్చునన్న మినహాయింపుతో చూసినా, ఈ రెండు అంకెలు పక్కపక్కన ఒక సంగతి చెబుతున్నాయి: కేంద్రం లోపల పని జరిగింది, కేంద్రం దాకా వచ్చినవారే తక్కువ. ఓ భవనం కట్టి, బోర్డు మార్చి, సమీకృతం అన్న మాట జోడించడం వల్ల ఊరు కదిలిరాదు. అంతకుముందే రోజూ వచ్చేవారున్న చోటుకు సేవలను చేర్చడమూ, కొత్త చోటు తెరిచి జనం రావాలని ఎదురుచూడడమూ ఒకటి కావు.

రాకపోవడానికి భయం పెద్ద కారణం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 27వ సెక్షన్ కింద మత్తుమందు వాడడమే నేరం, హెరాయిన్ లాంటి వాటికి ఏడాది దాకా జైలు. అదే చట్టంలోని 64ఎ సెక్షన్ చికిత్సకు స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారికి విచారణ నుంచి మినహాయింపునిస్తుందన్న సంగతి వాడేవారిలో ఎందరికి, పట్టుకునేవారిలో ఎందరికి తెలుసునన్నది వేరే ప్రశ్న. 2018 సెప్టెంబరులో అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 22వ సెక్షన్ సూదుల పంపిణీ వంటి హాని తగ్గింపు చర్యలకు స్పష్టమైన రక్షణ ఇచ్చింది. రోగి వివరాల గోప్యతను హక్కుగా చేసింది. వ్యసనం, హెచ్‌ఐవీ, హెపటైటిస్, క్షయ సమాచారాలను ఒకే తెర మీదికి తెచ్చినప్పుడు ఆ గోప్యత కాపాడడం మరింత కష్టమవుతుంది. క్షయ అనేది ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియజేయవలసిన జబ్బు, హెచ్‌ఐవీ రోగి అనుమతి లేకుండా చెప్పకూడని జబ్బు, మత్తు వాడకం పోలీసులు తెలుసుకోవాలనుకునే విషయం. ఈ మూడింటినీ ఒక్క ఆధార్ నంబరుకు ముడిపెట్టి కలిపామనుకునే సాంకేతిక ఉత్సాహం, వచ్చే పదిమందిని కూడా తరిమేస్తుంది. వైద్యుడికి కనిపించేది డేటా ఎంట్రీ ఉద్యోగికి కనిపించనక్కరలేదు. ఠాణాకు ఏదీ కనిపించకూడదు.

ఆడవారి సంగతి మరీ అన్యాయం. సూది వాడే మహిళల సంఖ్య తక్కువ అన్న కారణంతో కేంద్రాలు మగవారి వేళలకు, మగవారి వరుసలకు తగినట్లు నడుస్తాయి. ఆ కారణంగా వారు రారు. రానందువల్ల సంఖ్య తక్కువగానే కనిపిస్తుంది.

తెలుగు రాష్ట్రాలకు వస్తే దృశ్యం మారుతుంది. ఈశాన్యంలోలా, పంజాబ్‌లోలా సూది ఇక్కడ ప్రధాన సమస్య కాదు. ఇక్కడి వ్యసనం మద్యం, ఇక్కడి అంటురోగం క్షయ. పైన చెప్పిన 2019 సర్వేలో మద్యం వల్ల సమస్యల్లో పడినవారు జనాభాలో 10 శాతం మించిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి; దేశ సగటు 5.2 శాతం. మద్యానికి బానిసలైనవారిలో ఏదో ఒక చికిత్సో సహాయమో పొందినవారు 38 మందిలో ఒక్కరే అని ఆ సర్వే తేల్చింది. రోజూ ఎక్కువగా తాగేవారికి క్షయ వచ్చే ముప్పు తాగనివారితో పోలిస్తే సుమారు మూడు రెట్లు. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ కాలేయానికి భారమే. మద్యం ఆ భారాన్ని పెంచుతుంది, కామెర్లు తెప్పిస్తుంది, కామెర్లు వస్తే మాత్రలు ఆపవలసి వస్తుంది, ఆపితే మందులకు లొంగని క్షయకు దారి ఏర్పడుతుంది. ఆరు నెలల చికిత్సను మధ్యలో వదిలేసేవారి సంగతి ఏ టీబీ సూపర్‌వైజరును అడిగినా ముందు వచ్చే మాట తాగుడే. ఆ మాట కారణంగా కాక తీర్పుగా వినిపించడమే ఇబ్బంది. ఒకే ప్రభుత్వంలో ఎక్సైజ్ శాఖ రాబడి పద్దులో మెచ్చుకోలు పొందే వినియోగదారుడే క్షయ విభాగం పద్దులో మొండి రోగి అవుతున్నాడు.

ఇక్కడ వ్యసన చికిత్సను ఆధారం చేసుకుని క్షయ సేవను దానికి జోడించడం కుదరదు, ఎందుకంటే డీఅడిక్షన్ కేంద్రాల గడప తొక్కేవారే అతి తక్కువ. రోగి ఇల్లు తెలిసినది, నెలనెలా అతనికి మాత్రలు అందించేది, ఇంట్లోవారి పేర్లతో సహా ఎరిగినది ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, టీబీ విభాగం సిబ్బంది. ఆంధ్రప్రదేశ్‌లో విలేజ్ హెల్త్ క్లినిక్కులు, తెలంగాణలో పల్లె దవాఖానాలు, బస్తీ దవాఖానాలు రోగి నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్నాయి. తాగుడు ఎంత లోతుగా ఉందో తేల్చే ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రశ్నావళిలోని మొదటి మూడు ప్రశ్నలు అడగడానికి రెండు నిమిషాలు పట్టదు. తక్కువ స్థాయిలో ఉన్నవారికి కాసేపు చెప్పే మాటలే చాలాసార్లు పనిచేస్తాయి. బాగా లొంగిపోయినవారికి మానేటప్పుడు వచ్చే వణుకు, మతిభ్రమ, మూర్ఛల నుంచి కాపాడే మందులు, థయమిన్ విటమిను ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడు రాయగలిగినవే.

ఇక్కడ కూడా మందుల కలహం పొంచి ఉంటుంది. తాగుడు మాన్పించడానికి డీఅడిక్షన్ కేంద్రాల్లో చాలాకాలంగా వాడే డైసల్ఫిరామ్, క్షయకు ఇచ్చే ఐసోనియాజిడ్‌తో కలిస్తే నడక తూలడం, ప్రవర్తన మారిపోవడం జరగవచ్చు. డైసల్ఫిరామ్ సొంతంగానూ కాలేయాన్ని దెబ్బతీయగలదు. ఒక చోట డైసల్ఫిరామ్, మరో చోట ఐసోనియాజిడ్ తీసుకుంటున్న మనిషి తూలుతూ ఇంటికొస్తే కుటుంబం అతడు మళ్లీ తాగాడనే అనుకుంటుంది. తెలంగాణలోని కల్తీ కల్లు మరీ సూక్ష్మమైన చిక్కు. చెట్టు కల్లు చాలని చోట నీటిలో డైజెపామ్, అల్ప్రజోలామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపి మత్తు తెప్పించడం దశాబ్దాలుగా అధికారులకు తెలిసిన విషయమే. 2015 సెప్టెంబరులో ఈ కల్తీపై ఒక్కసారిగా దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం మూర్ఛలతో, వింత ప్రవర్తనతో ఆసుపత్రులకు చేరారు, కొందరు ప్రాణాలు కోల్పోయారు. తాము తాగేది కల్లనుకున్నవారు నిజానికి నిద్రమాత్రలకు బానిసలై ఉన్నారు. రిఫాంపిసిన్ ఆ జాతి మందులను కూడా శరీరం నుంచి త్వరగా తరిమేస్తుంది. అంటే ఏళ్లుగా కల్తీ కల్లు తాగుతున్న క్షయ రోగికి, కల్లు మానకపోయినా, టీబీ మాత్రలు మొదలైన మొదటి వారాల్లోనే మానేసినప్పటి లక్షణాలు తలెత్తే అవకాశం ఉంది. టీబీ మాత్రలు వేడి చేస్తాయని, పడవని మానేసేవారిలో ఇలాంటివారు కొందరు ఉండవచ్చు. కల్లు గురించి అడగని వైద్యుడికి ఆ కారణం తట్టదు.

రెండు కార్యక్రమాలను కలపడం ఈ దేశానికి చేతకాని పని కాదు. హెచ్‌ఐవీ, క్షయ విభాగాలు ఒకప్పుడు ఇలాగే ఎడమొహం పెడమొహంగా ఉండేవి. తర్వాత పరస్పర పరీక్షలతో మొదలై, చివరికి హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలోనే క్షయ మాత్రలు కూడా ఇచ్చే ఏకగవాక్ష పద్ధతి దాకా వచ్చాయి. హెచ్‌ఐవీ రోగి తన మందుల కోసం నెలనెలా రాక తప్పని చోటుకే క్షయ కార్యక్రమం వెళ్లింది గనుక అది నిలిచింది. అప్పుడు కూడా సిబ్బందిపై భారం పెరుగుతుందని, క్షయ క్రిమి బలహీన రోగుల మధ్య పాకుతుందని అభ్యంతరాలు వచ్చాయి. రెండో అభ్యంతరం ఓఎస్‌టీ కేంద్రానికీ వర్తిస్తుంది: కిటికీ లేని గదిలో దగ్గే రోగిని, హెచ్‌ఐవీ రోగిని పక్కపక్కన కూర్చోబెట్టడం సమీకరణ కాదు, ప్రమాదం. గాలి ఆడే వరండా, దగ్గేవారిని ముందు చూసి పంపే పద్ధతి పెద్ద ఖర్చు కాదు. సిబ్బంది సంగతి అంత తేలిక కాదు. ఓఎస్‌టీ నర్సులు, కౌన్సెలర్లు, టీబీ విభాగం ఉద్యోగుల్లో చాలామంది కాంట్రాక్టు మీద, ఒక్కో పథకం ఒక్కో తీరున ఇచ్చే జీతాలతో పనిచేస్తున్నారు. మరో పథకం రిజిస్టరు నింపడం వారి లక్ష్యాల పట్టికలో ఎక్కడా లెక్కకు రాదు. ఓఎస్‌టీ కేంద్రంలో నయమైన హెపటైటిస్ రోగి ఓఎస్‌టీ కేంద్రం పనితీరులోనూ, మద్యం తగ్గించిన క్షయ రోగి క్షయ విభాగం పనితీరులోనూ లెక్కకు వచ్చేలా ఆ పట్టికలను తిరగరాయడం కొత్త భవనాలకన్నా ముందు జరగాలి.

క్షయ రోగి వివరాలు నమోదు చేసేటప్పుడు మద్యం అలవాటు ఉందా అని అడిగే గడి ఇప్పటికే ఉంది. అందులో అవునని రాసిన తర్వాత సాధారణంగా జరిగేది, డీఅడిక్షన్ కేంద్రానికి వెళ్లమని ఒక చీటీ ఇవ్వడం. ఆ కేంద్రం చాలా మండలాలకు జిల్లా కేంద్రంలోనే ఉంటుంది, అక్కడికి వెళ్లాడా లేదా అన్నది చీటీ ఇచ్చినవారికి తిరిగి తెలియదు. ఆ చీటీకి బదులు థయమిన్ మాత్రలు, తర్వాతి నెల టీబీ మాత్రలతోపాటే మళ్లీ అడిగే అవే మూడు ప్రశ్నలు, కాలేయ పరీక్ష తేదీ, అవసరమైతే అదే క్లినిక్కు నుంచి మనోరోగ వైద్యుడితో ఫోన్‌లో మాట్లాడించే ఏర్పాటు ఉండాలంటే కొత్త చట్టమేదీ అక్కరలేదు. జిల్లా క్షయ అధికారికీ జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం అధికారికీ ఒకే ఉత్తర్వు, ఒకే మందుల ఇండెంటు చాలు.